గగన శకటం

మైకు తిరుపతిరావు గొంతుకు ఆ జిల్లాలో ఉన్న పరపతి కొందరు శాసనసభ్యులకు కూడా లేదు. ఇది పొగడ్త కాదు. శాసనసభ్యులు వస్తున్నారంటే జనం తలుపులు దగ్గరగా వేసుకునేవారు. తిరుపతిరావు ఆటో వస్తోందంటే తలుపులు తీసుకుని వీధిలోకి వచ్చేవారు. గణతంత్ర దినం నాడు పరేడు మైదానంలో శకటాలను పరిచయం చేసేది అతనే. పింఛన్ల మేళాలోనూ, పశువైద్య శిబిరంలోనూ, రక్తదానాల దగ్గరా మాట్లాడేది అతనే. అయితే అతని పేరు నిలబెట్టినవి ఇవేవీ కావు. సముద్రంలో వాయుగుండం పుట్టిందంటే అప్పన్న ఆటోకు మైకు కట్టించుకుని, తీరం వెంబడి మత్స్యకారుల ఊళ్లన్నీ తిరిగి, "అమ్మా, అయ్యా, లేవండి, పిల్లల్ని తీసుకుని బడికి పదండి" అని చెప్పేదీ అతనే. అతను చెబితే లేచేవారు. పోలీసులు లాఠీలు చూపించినా లేవని ముసలివాళ్లు కూడా ఆ గొంతు వినగానే కోళ్లగంపలు సర్దుకునేవారు.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. ఒకసారి తుపాను దారి మార్చుకుని ఎటో పోయింది. ఇంకొకడైతే ఇంట్లో కూర్చునేవాడు. తిరుపతిరావు మర్నాడు అదే ఆటోలో అవే ఊళ్లు తిరిగి, నిన్న మిమ్మల్ని ఊరికే శ్రమపెట్టాను, తుపాను రాలేదు, నా మాట విని వేట మానుకున్నారు, క్షమించండి అని మైకులోనే చెప్పుకున్నాడు. పై అధికారులు దానికి సంజాయిషీ అడిగారు. ప్రభుత్వం ప్రకటించిన తుపాను రాలేదని చెప్పే అధికారం అతనికి ఎవరిచ్చారని వాళ్ల ప్రశ్న. సంజాయిషీ సంగతి ఎలా ఉన్నా, ఆ గొంతు ఉన్నది ఉన్నట్టు చెబుతుందని తీరమంతా తెలిసిపోయింది. తిరుపతిరావుకు మరీ బాగా తెలిసింది. అద్దం ముందు గొంతు సవరించుకునేటప్పుడు తనను తాను కాస్త మర్యాదగా చూసుకునేవాడు. చల్లనీళ్లు మానేశాడు, పుల్లమజ్జిగ మానేశాడు. పెళ్లిళ్లలో ఐస్‌క్రీం కప్పు ముందుకు వస్తే చేతులు జోడించేవాడు.

అలా ఉండగా పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. ప్రతి జిల్లా తన ఆకాశాన్ని తన ప్రజలకు పరిచయం చేయాలి. విమాన విన్యాసాలు జరిపించాలి. దాని పేరు గగనోత్సవం. ఆ ఏడాది జిల్లాలో రోడ్లు ఎలా ఉన్నాయో తెలిసినవాళ్లు, జనం తలలు కొన్నాళ్లు పైకెత్తి ఉంచడం మంచిదేననుకున్నారు. జిల్లాలో విమానాశ్రయం లేదు గానీ సముద్రం ఒడ్డున ఎప్పటిదో పాత రన్‌వే ఒకటుంది. దాని మీద పక్కనున్న గవ్వలపేట ఆడవాళ్లు చేపలు ఎండబెట్టుకునేవారు. చేపలు తీయించి సున్నం గీతలు గీయించారు.

వ్యాఖ్యానానికి తిరుపతిరావు తప్ప ఇంకెవరున్నారు? అతన్ని ఒక పెద్ద నగరంలో జరిగిన విమాన ప్రదర్శనకు పంపి, అక్కడి వ్యాఖ్యాత పక్కన కుర్చీ వేయించారు. ఆ పక్కన కూర్చున్న పూటలోనే తిరుపతిరావుకు ఈ పని మీద ప్రేమ పుట్టింది. శకటం వచ్చి ఎదురుగా నిలబడ్డాక దాని గురించి చెప్పడం ఎవడైనా చేస్తాడు. విమానం అలా కాదు. చప్పుడు దాని వెనక వస్తుంది. చప్పుడు విని తలెత్తినవాడికి ఖాళీ ఆకాశమే మిగులుతుంది. అందుకని వ్యాఖ్యాత విమానం కంటే ముందుండాలి. "కుడిచేతి వైపు, తెల్ల మేఘం కింద చూడండి" అని అతను అనాలి, వేల తలలు ఒక్కసారి తిరగాలి, తిరిగిన చోటికి విమానం రావాలి. అంత జనం ఒక మనిషి మాట మీద మెడలు తిప్పడం చూసి తిరుపతిరావు ఒళ్లు పులకరించింది.

ఇంటికొచ్చి డాబా మీద సాధన మొదలుపెట్టాడు. విమానాలు లేవు కాబట్టి కొంగల మీద. సాయంత్రం కొంగలు చెరువుల నుంచి తిరిగొచ్చే వేళకు నిలబడి, "ఎడమవైపు, నీళ్లట్యాంకు మీదుగా, బాణం ఆకారంలో వస్తున్నాయి, గమనించండి" అనేవాడు. పక్క డాబాల మీద బట్టలు తీసుకుంటున్నవాళ్లు తలెత్తేవారు. కొంగలు వచ్చేవి. అతని భార్య గౌరీశ్వరి ఒకనాడు మెట్ల మీద నుంచి చూసి, "కొంగలు కూడా నీ మాట వింటన్నాయి, నువ్వు మాత్రం ఇంట్లో ఎవరి మాటా వినవు" అంది. తిరుపతిరావు దాన్ని మెప్పుగానే తీసుకున్నాడు.

గగనోత్సవానికి ప్రత్యేకాధికారిగా అష్టమూర్తి గారు వచ్చారు. అంతకుముందు మామిడి ప్రదర్శనలు, వీధికుక్కల నియంత్రణ, సంచార గ్రంథాలయాలు చూసిన అనుభవజ్ఞుడు. మూడింటిలో దేనికీ ఏమీ కాలేదు, ముఖ్యంగా కుక్కలకు. తొలి సమావేశంలోనే ఆయన ఒక పెద్ద చిక్కు కనిపెట్టారు. విమాన ప్రదర్శన ఎలా జరపాలో చెప్పే పూర్వపు ఉదాహరణ కలెక్టరేటులో లేదు. పూర్వం జరగని పని ఇప్పుడు జరపడం కార్యాలయ ధర్మానికి విరుద్ధం. సూపరింటెండెంటు భాగ్యవతమ్మ గారిని అడిగారు. కార్యాలయంలో ఏ బీరువాలో ఏముందో ఆవిడకు తెలుసు.

"ఎగిరేవాటి మీద ఒక్కటే ఉందండి, గాలిపటాల నిషేధం. అది మనకి పనికిరాదు," అన్నారావిడ. "కదిలేవాటి మీదైతే శకటాల నిబంధనావళి ఉంది. ఏటేటా వాడుతున్నాం."

"విమానం కదులుతుంది కదా?"

"కదులుతుందండి."

"జనం చూస్తారు కదా?"

"చూస్తారండి."

"అయితే అది శకటమే," అని అష్టమూర్తి గారు తేల్చారు. గాలిలో ఉంటుంది కనుక గగన శకటం. ఆ మాట పుట్టగానే గదిలో అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఏం చేయాలో తెలియని పని తెలిసిన పని అయింది.

శకటాల నిబంధనావళి చాలా స్పష్టమైనది. సదరు శకటములు మనిషి నడక వేగమును మించరాదు. వేదిక ఎదుట ఆగవలెను. ముందు భాగమును వంచి ముఖ్య అతిథికి వందనము సమర్పించవలెను. ఆమోదిత వ్యాఖ్యానము ముగిసిన పిదప మాత్రమే ముందుకు సాగవలెను. ముఖ్య అతిథికి వెనుక భాగము చూపరాదు. వీటికి భాగ్యవతమ్మ గారు ఒక్కటే చేర్చారు. గగన శకటము ముఖ్య అతిథి కంటే ఎత్తున ఉండడం మర్యాద కాదు గనుక, సాధ్యమైనంత వరకు వేదిక మట్టమునకు దిగువనే ప్రయాణించవలెను.

విన్యాసాల బృందాన్ని తెచ్చిన కెప్టెన్ రఘువీర్ వైమానిక దళంలో చేసి వచ్చినవాడు. ఆ కాగితం రెండుసార్లు చదివి, విమానం వేదిక ముందు ఎలా ఆగుతుందని అడిగాడు. అష్టమూర్తి గారు ఓపికగా, వ్యవసాయ శాఖ శకటం ఆగుతోంది, మహిళా సంక్షేమ శాఖ శకటం ఆగుతోంది, మీ ఒక్కరికీ మినహాయింపు ఇస్తే మిగతా శాఖలు ఊరుకుంటాయా అన్నారు.

"ఆగితే పడిపోతుంది సార్," అన్నాడు కెప్టెన్.

"పడడం మా పరిధిలోకి రాదు. దాని గురించి మీరు సంబంధిత శాఖకు రాసుకోవచ్చు. నేను ఆగడం గురించి మాత్రమే అడుగుతున్నాను."

కెప్టెన్ ఒకసారి ఎగిరి చూపిస్తే తప్ప వీళ్లకు అర్థం కాదనుకున్నాడు. రిహార్సలు పెట్టారు. వేదిక మీద అష్టమూర్తి గారు ముఖ్య అతిథి కుర్చీలో, ముఖ్య అతిథిలాగే కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. తిరుపతిరావు చేతికి ఆమోదిత వ్యాఖ్యానం ఇచ్చారు. ప్రతి శకటానికీ రెండేసి పుటలు. మొదటి పుట వేదిక నలంకరించిన పెద్దల పేర్లు, రెండో పుట జిల్లా సాధించిన ప్రగతి, చిట్టచివరి వాక్యంలో విమానం. అతను "గౌరవనీయులైన" అంటుండగా విమానం వచ్చింది. ఆ మాట పూర్తయ్యేసరికి సముద్రం మీద చుక్కైపోయింది. మిగతా పుటన్నర అతను ఖాళీ రన్‌వేకు వినిపించాడు.

తిరుపతిరావు లేచి వినయంగా చెప్పాడు. విమానం ఉండేది క్షణాలే గనుక వ్యాఖ్యానాన్ని ఒక్క వాక్యానికి కుదిస్తే బాగుంటుంది, ఎటు చూడాలో చెబితే చాలు, మిగతాది జనమే చూసుకుంటారు అన్నాడు. భాగ్యవతమ్మ గారు జాలిగా చూశారు.

"వ్యాఖ్యానానికి మూడు శాఖల ఆమోదం వచ్చింది తిరుపతిరావు గారూ. విమానానికి ఇంకా ఒక్కటీ రాలేదు. ఆమోదం వచ్చినదాన్ని తగ్గించి, రానిదాన్ని ఉంచుతామా?"

విమానాన్నే వ్యాఖ్యానానికి సరిపడా ఉంచాలని నిశ్చయించారు. ఆగే విమానం ఏదైనా ఉందా అని అష్టమూర్తి గారు అడిగితే, హెలికాప్టరు ఆగుతుందని కెప్టెన్ నోరు జారాడు. మర్నాడే తెప్పించారు. అది నిబంధన ప్రకారం నెమ్మదిగా వచ్చి, వేదిక ఎదుట ఆగి, ముందు భాగం వంచి వందనం చేసింది. అంత చక్కని వందనం ఏ శాఖా ఎప్పుడూ చేయలేదు. తిరుపతిరావు పెద్దల పేర్లలో సగానికి వచ్చేసరికి రెక్కల గాలికి షామియానా లేచింది. దాని వెనక కుర్చీలు, పూలకుండీలు, సన్మానానికి దాచిన శాలువాలు లేచాయి. శాలువాలు చాలా దూరం వెళ్లాయి. అష్టమూర్తి గారు వేదిక గుంజ పట్టుకుని వేలాడుతూ కూడా వ్యాఖ్యానం ఆపవద్దని సైగ చేశారు. ఆ సాయంత్రం హెలికాప్టరు ప్రవర్తన వేదిక పట్ల అవిధేయంగా ఉన్నందున దాన్ని కార్యక్రమం నుంచి తొలగించడమైనది అని రాసుకున్నారు.

చివరి సమావేశంలో కెప్టెన్ సహనం చచ్చింది. నడక వేగంతో రావాలి, ఆగాలి, గాలి కొట్టకూడదు, మీ తలల మీదికి వెళ్లకూడదు, అలాంటప్పుడు విమానాన్ని లారీ మీద ఎక్కించి ఊరేగించుకోండి అని బల్ల గుద్దాడు. అష్టమూర్తి గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. సాంకేతిక నిపుణుల సూచన అని భాగ్యవతమ్మ గారి చేత రాయించారు. విమానాలను లారీల మీద తీసుకురావాలి. రన్‌వే దాకా ఉన్న దారి ఇరుకు గనుక రెక్కలు ఊడదీసి వేరే లారీలో వెనక తేవాలి. దానికి అనుబంధ శకటం అని పేరు. కెప్టెన్‌కు మతి పోయింది. ఒప్పందంలో విమానాలను ప్రజలకు ప్రదర్శించవలెను అని ఉంది తప్ప ఎగరవలెను అని ఎక్కడా లేదు. అతను సంతకం పెట్టి, పాత విమానాలు కొన్ని వాళ్లకు వదిలి, ఎగిరేవాటిని తీసుకుని అదే పూట ఎగిరిపోయాడు. ఆ గగనోత్సవంలో నిజంగా ఎగిరినవి అవే, వాటిని చూసినవాళ్లు ఎవరూ లేరు.

ఇక్కడి నుంచి తిరుపతిరావుకు నిద్ర కరువైంది. విమానాలు నేల మీదికి దిగాయి గానీ వ్యాఖ్యానం దిగలేదు. అది ఆమోదం పొందింది కదా. "అదిగో, తూర్పు దిక్కున సముద్రాన్ని చీల్చుకుంటూ, మేఘాలను ముద్దాడుతూ దూసుకువస్తున్న ఆ లోహవిహంగాన్ని తిలకించండి" అని అందులో ఉంది. దాన్ని లారీని చూస్తూ చదవాలి. తీరం ఊళ్లన్నీ వస్తాయి. తను చూడమన్న వైపు వాళ్లు చూస్తారు. అక్కడ ఏమీ ఉండదు. ధైర్యం కూడగట్టుకుని అష్టమూర్తి గారి గదికి వెళ్లాడు.

లారీలు తిప్పుకోండి సార్, నాకు అభ్యంతరం లేదు, ఇది లారీ మీది విమానమని చెబుతాను, దాని కథ చెబుతాను, జనం సంతోషంగానే చూస్తారు, లేనిదాన్ని ఉందని మాత్రం నా చేత చెప్పించకండి అని బతిమాలాడు. తన మాట మీద ఊళ్లు ఖాళీ అవుతాయని, ఆ మాట పోతే రేపు తుపానులో ఎవరూ లేవరని కూడా చెప్పాడు.

అష్టమూర్తి గారు చాలా ఆదరంగా విన్నారు. కూర్చోమన్నారు. కాఫీ తెప్పించారు.

"మిమ్మల్ని ఎంచుకున్నదే అందుకండీ. ఈ జిల్లాలో జనం నమ్మే గొంతు మీ ఒక్కరిదే. ఆ నమ్మకం మీ సొంతం అనుకుంటున్నారు, అక్కడే పొరపాటు. మైకు ఎవరిది? ప్రభుత్వానిది. ఆటో? ప్రభుత్వం అద్దెకు తీసుకున్నది. మైకులోంచి వచ్చిన నమ్మకం కూడా ప్రభుత్వ ఆస్తే. అవసరం వచ్చినప్పుడు వాడుకోవడానికే కదా ఆస్తి."

తిరుపతిరావు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఆయనే ఇంకా మృదువుగా, మీకు ఇబ్బందైతే వద్దు లెండి, రాజధాని నుంచి రికార్డు చేసిన గొంతు తెప్పిస్తాం, ఇకమీద తుపాను ప్రకటనలు కూడా దానితోనే కానిచ్చేద్దాం అన్నారు.

ఆ మాటతో అతను లొంగిపోయాడు. రాజధాని గొంతుకు గవ్వలపేటలో ఏ వీధిలో ముసలివాళ్లున్నారో తెలియదు. ఎవరు మొండికేస్తారో, ఎవరిని పేరు పెట్టి పిలిస్తే కదులుతారో తెలియదు. మైకు పోగొట్టుకోవడం కంటే ఒక్క పూట చదివెయ్యడం నయమనుకున్నాడు. చదవడమే కదా, చెప్పడం కాదు కదా అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. తెలివైనవాళ్లంతా ఇలాంటి సర్దుబాటుతోనే దెబ్బతింటారు, తిరుపతిరావు కూడా తెలివైనవాడే.

గగనోత్సవం రోజు తీరం ఖాళీ అయిపోయింది, ఏ తుపానుకూ అంతలా ఖాళీ కాలేదు. చంటిపిల్లల్ని చంకనేసుకుని, చద్దిమూటలు కట్టుకుని, పడవల మీద, ట్రాక్టర్ల మీద వచ్చారు. మైకు మాస్టారు చెబుతారట, ఏ వైపు చూడాలో ఆయనే చూపిస్తారట అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ముఖ్య అతిథి వచ్చారు. దీపం వెలిగించారు. గాలికి ఆరితే మళ్లీ వెలిగించారు. తిరుపతిరావు కాగితం అందుకున్నాడు.

పెద్దల పేర్లు అయ్యాయి. ప్రగతి అయింది. "అదిగో, తూర్పు దిక్కున" అన్నాడు.

మైదానంలో ఉన్న ప్రతి తలా సముద్రం వైపు తిరిగింది. ఆ నగరంలో చూసినట్టే ఒక్కసారిగా, ఒక్క మెడ కూడా వెనకబడకుండా తిరిగింది. అతని జీవితంలో అతను కోరుకున్న క్షణం అదే. తూర్పున ఆకాశం నీలంగా, శుభ్రంగా ఉంది. జనం నుదుళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని వెతికారు. ఆయన చెప్పారంటే ఉండే ఉంటుంది, మన కళ్లకే ఆనడం లేదనుకున్నారు. అతను మేఘాలను ముద్దాడడం చదువుతుండగా, పడమటి వైపు నుంచి, వాళ్ల వీపుల వెనక నుంచి, ఒక లారీ గేరు మార్చుకుంటూ వచ్చి వేదిక ముందు ఆగింది. దాని మీద రెక్కల్లేని విమానం తాళ్లతో కట్టి ఉంది. వెనక లారీలో రెక్కలు.

తర్వాతి శకటం మరీ ఘనం. వ్యాఖ్యానంలో విమానం తలకిందులుగా తిరగాలి, మూడు రంగుల పొగ వదలాలి. వ్యాఖ్యానానికీ ప్రదర్శనకూ తేడా వస్తే ఆడిట్ అభ్యంతరాలు వస్తాయని భాగ్యవతమ్మ గారు ముందే హెచ్చరించారు. అందుకని రోడ్లు భవనాల శాఖ క్రేను ఒకటి విమానాన్ని తోకపట్టి ఎత్తింది. తిప్పడం మొదలుపెడితే లోపల మిగిలిన నూనె కారి, ముందు వరుసలో కూర్చున్న పురప్రముఖుల మీద పడింది. పొగకు మునిసిపాలిటీ వాళ్ల దోమలమందు యంత్రం పెట్టారు. అది ఒక్క రంగే వదిలింది గానీ పుష్కలంగా వదిలింది. జనం కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. తిరుపతిరావు దగ్గుతూనే "వినీలాకాశంలో మువ్వన్నెల ముగ్గు" అని చదివాడు.

జనం అతన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మొదట ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు వరసలు దాటుకుంటూ వెనక్కి పాకింది. "మైకు మాస్టారూ, మీకేవైనా అగుపడతందా" అని ఒకడు అరిచాడు. తిరుపతిరావు కాగితంలోంచి తలెత్తాడు. అతన్ని చూస్తున్న మొహాల్లో కోపం లేదు, వింత లేదు. శాసనసభ్యుడిని చూసినట్టు చూస్తున్నారు. ఆ క్షణంలో కాగితం పక్కన పెట్టి, లేదు, నాకూ ఏమీ కనపడడం లేదు అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. వేదిక మీద నుంచి అష్టమూర్తి గారు చూస్తున్నారు. అతను తర్వాతి పుట తిప్పాడు. ఆ తర్వాత "అటు చూడండి" అన్నప్పుడల్లా జనం కావాలని రెండో వైపు చూసి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ముఖ్య అతిథి చాలా ముచ్చటపడ్డారు.

గగనోత్సవం రాష్ట్రమంతా మారుమోగింది. మిగతా జిల్లాల్లో ఒకచోట విమానం చక్రం విరిగింది, ఒకచోట పక్షి తగిలింది. ఇక్కడ ఏ ఒక్కటీ పడలేదు, ఏ ఒక్కటీ గీసుకుపోలేదు, అన్నీ బయలుదేరిన చోటికి నిమిషం తేడా లేకుండా చేరాయి. అత్యంత సురక్షిత వైమానిక ప్రదర్శన అని పురస్కారం ఇచ్చారు. వచ్చే ఏటికి అన్ని జిల్లాలూ ఇదే పద్ధతి పాటించాలని ఉత్తర్వు వచ్చింది. లారీల మీద ఉంచితే ఇంధనం కూడా ఆదా అవుతుందని ఒక నిపుణుడు వ్యాసం రాశాడు. అష్టమూర్తి గారికి పై పదవి వచ్చింది. తిరుపతిరావుకు శాలువా కప్పి, జిల్లా గళం అనే బిరుదు ఇచ్చారు. అతను ఇంటికొచ్చి శాలువా బీరువాలో పెట్టాడు. డాబా మీద సాధన మానేశాడు. కొంగలు వాటి మానాన అవి వచ్చి పోతున్నాయి.

కార్తీకమాసంలో సముద్రంలో వాయుగుండం పుట్టి, బలపడి, తుపానై తీరం వైపు తిరిగింది. అది చిన్నది కాదని, ఈసారి దారి మార్చుకోదని అన్ని లెక్కలూ చెప్పాయి. మధ్యాహ్నం ఆకాశం ఇంకా తేటగానే ఉండగా అప్పన్న ఆటోకు మైకు కట్టారు. తిరుపతిరావు మొదట గవ్వలపేటకు పోనిమ్మన్నాడు.

వీధి మొదట్లోనే మైకు అందుకుని, "అమ్మా, అయ్యా, లేవండి, పెద్ద తుపాను వస్తోంది, బడికి పదండి" అన్నాడు. జనం బయటికొచ్చారు. గడపల్లో నిలబడ్డారు. ఎవరి చేతిలోనూ మూటలు లేవు. వలలు సర్దుకుంటున్న కుర్రాళ్లు లేచి చప్పట్లు కొట్టి, ఇంకోసారి చెప్పండి మాస్టారూ, బాగుంది అన్నారు. ఒకడు ఫోను తీసి వీడియో తీయడం మొదలుపెట్టాడు. తిరుపతిరావు మళ్లీ చెప్పాడు, గొంతు పెంచి చెప్పాడు, పేర్లు పెట్టి పిలిచి చెప్పాడు. పేర్లు పిలిపించుకున్నవాళ్లు వంగి దండాలు పెట్టి నవ్వారు.

కంట్రోల్ రూము నుంచి ఫోను వచ్చింది. ఎవరూ కదలడం లేదండి అని అతను చెప్పాడు. అవతలి గొంతు విసుక్కుంది.

"ప్రకటన అయిందా, లేదా?"

"అయిందండి."

"అయితే గవ్వలపేట ఖాళీ అయినట్టే. రాసేసుకున్నాం. తర్వాతి ఊరికి వెళ్లండి."

ఆటో పక్కనే తన గడపలో సూరాడ నరసమ్మ ఎండుచేపలు ఏరుకుంటోంది. ఒంటరి ముసలిది. అంతకుముందు ప్రతి తుపానుకీ ఆవిడే అందరికంటే ముందు లేచేది. ఇప్పుడు చేట పక్కన పెట్టి, నవ్వకుండా, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"ఏటి బాబూ, ఈ తుపాను కూడా లారీ మీదే వస్తాదేటి?"

తిరుపతిరావు మైకును సీటు మీద పెట్టేశాడు. ఆటో దిగాడు. ఏడుపు వచ్చింది గానీ దానికి వ్యవధి లేదు. నరసమ్మ ముందుకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. మైకు లేకపోతే అతని గొంతు చిన్నది. కాస్త బొంగురుగా కూడా ఉంది. ఇన్నేళ్లలో ఆ ఊళ్లో ఎవరూ దాన్ని వినలేదు.

"నరసమ్మా, లే. ఇది నాకెవరూ రాసివ్వలేదు. వస్తంది."

ఆవిడ అతని మొహంలోకి చూసి, ఆటో సీటు మీది మైకు వైపు చూసింది.

"మైకుల సెప్పట్లేదు కదా. అలగయితే నిజమే గావాల," అని లేచి లోపలికి పోయి కోళ్లగంప అందుకుంది.

అతను పక్కింటి వైపు నడిచాడు. వెనక నుంచి అప్పన్న, మైకు ఆన్‌లోనే ఉంచమంటారా, పక్క వీధికి కూడా వినబడుతుంది అని అడిగాడు.

"కట్టెయ్ అప్పన్నా. అది మోగితే నా మాట ఎవడూ నమ్మడు."

పక్కింటి తలుపు కొట్టాడు. ఆ వీధిలో ఇళ్లు ఇసుకదిబ్బల దాకా ఉన్నాయి. దాని తర్వాత ఇంకో వీధి ఉంది, గవ్వలపేట తర్వాత తీరం వెంబడి ఊళ్లన్నీ ఉన్నాయి. గాలి మొదలైంది.